ఇరవై ఆరు గేట్లు

నా నోరు మంచిది కాదని విజయపురి సౌత్‌లో ఎవర్నడిగినా చెబుతారు. మా ఆవిడ సీతమ్మనడిగితే ఉదాహరణలతో సహా చెబుతుంది. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను, అందులో ఆఖరి తొమ్మిదేళ్ళు హెడ్డుగా. నా కింద పనిచేసి నా చేత తిట్లు తిననివాడు లేడు. అయితే గోపాలకృష్ణయ్య దగ్గర పనిచేస్తే కళ్ళు మాత్రం పోవు అని కూడా అనేవాళ్ళు. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడెవరన్నా అంటే లేచి అవతలికి వెళ్ళిపోతున్నాను.

ట్రేసింగ్ గుడ్డ మీద వెంట్రుకవాసి గీతలు గీసే పని మాది. సాయంత్రమయ్యేసరికి కళ్ళు చింతనిప్పులే. నేను చేరిన కొత్తలో మా సెక్షన్లో ముగ్గురు పెద్దవాళ్ళుండేవాళ్ళు. ముగ్గురికీ నలభై దాటకుండానే సోడాబుడ్డి అద్దాలొచ్చాయి. ఇదేదో నాకూ అంటుకుంటుందని భయమేసి, డ్యాముకి గేట్లు పెట్టగానే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. అరగంట గీత, రెండు నిమిషాలు వరండా. మా ఆఫీసు వరండాలో నిలబడితే ఎదురుగా మైలు దూరంలో డ్యాము కనపడుతుంది. దాని నెత్తిన వరసగా ఇరవై ఆరు గేట్లు. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పోవాలి. దగ్గర చూసి చూసి బిగుసుకున్న కన్ను దూరం చూస్తే సడలుతుంది. అంతే, అందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

హెడ్డునయ్యాక అందరి చేతా అదే చేయించాను. ఊరికే దూరం చూసి రండ్రా అంటే ఎవడు చూస్తాడు? బీడీ కాల్చుకుని వచ్చేస్తాడు. అందుకని లోపలికి రాగానే "ఎన్ని?" అని గద్దించేవాణ్ణి. "ఇరవై ఆరు సార్" అనాలి. తలుపు పక్కన మేకుకి ఒక నోటుబుక్కు దారంతో వేలాడదీశాను. అందులో టైమూ, లెక్కా, సంతకమూ పెట్టాలి.

"గేట్లేమన్నా రాత్రికి రాత్రి లేచిపోతయ్యా సార్, రోజూ లెక్కెట్టటానికి?" అనేవాడు అటెండరు నూర్ మొహమ్మద్.

"గేట్లు లేచిపోవురా. నీ కళ్ళు లేచిపోతయ్" అనేవాణ్ణి నేను.

ఎనభై ఏడు ఆఖర్లో మా ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. మా డ్రాయింగ్ హాల్లోనే సగం చెక్కగోడ కట్టి దానికి గది చేశారు. ముప్పై ఏళ్ళుగా మేం గిలగిల్లాడే ఫ్యాన్ల కింద చెమటలు కక్కుతుంటే, దానికి వచ్చీ రాగానే ఏసీ. చెప్పులు బయట విడవాలి. కిటికీలకి నల్లగుడ్డ కర్టెన్లు, దుమ్ము రాకుండా, ఎండ తగలకుండా. మొదటి రోజు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. టీవీలాంటి ఆ పెట్టె మూల కుంకుమబొట్టు చాలాకాలం అట్లాగే ఉండిపోయింది. కొత్తకోడలికి కూడా మా ఇళ్ళల్లో అంత మర్యాద జరగదు.

ఆ కోడలితో కాపురం చెయ్యడానికి వచ్చిన పిల్ల ప్రేమకుమారి.

ఇరవై మూడేళ్ళుంటాయి. గుంటూరులో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుంది. వాళ్ళ నాన్న ఐజాక్ డ్యాము కట్టేటప్పుడు రాళ్ళు చెక్కినవాడు. పని ముగిసినా వెనక్కిపోకుండా పాత కూలీల పాకల్లోనే ఉండిపోయాడు. ఆయనకు రెండు కళ్ళూ లేవు. రాళ్ళు కొట్టి కొట్టి, రాతిపొడి పడి పోయాయని పాకల్లో చెప్పుకుంటారు. నేనూ అదే నమ్మాను. డ్యాము కట్టిన ఊళ్ళో ఎవరి కాలు పోయినా, చెయ్యి పోయినా, కన్ను పోయినా పని మీదకే తోసేయడం మాకలవాటు. ఇంకో కారణం ఉంటుందని మాకు తోచదు.

ప్రేమకుమారిది రోజుకూలీ లెక్కన ఇచ్చిన ఉద్యోగం. ఏడాది దాటి కొన్నాళ్ళు చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు. పర్మినెంటు కావాలంటే ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఒళ్ళూ, చెవులూ, కళ్ళూ అన్నీ బాగున్నాయని రాయించి తేవాలి. ఆ ఇంట్లో తల్లి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిల్ల ఉద్యోగం ఒక్కటే తండ్రీకూతుళ్ళకు ఆధారం.

చేరిన రెండో రోజే ఆ నల్లకర్టెన్ల గదిలోకి వెళ్ళి చూద్దును గదా, చీకట్లో ఆకుపచ్చ అక్షరాల ముందు ముక్కు ఆనించి కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. సరాసరి ఇంజనీరుగారి గదికి పోయాను.

"యంత్రానికి ఎండ తగలకూడదు, సరే. మనిషికి వెలుతురు తగలకూడదా?" అన్నాను.

ఆయన నసిగాడు. నేను వదల్లేదు. మూడు రోజులు పోట్లాడి ఒకవైపు కర్టెను పీకించాను. అద్దం మీద వెలుగు పడి మెరవకుండా బల్లని పక్కకు తిప్పించాను. కుర్చీ వెనక్కి జరిపించి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, "ఇది దాటి ముందుకొస్తే నేనూరుకోను" అన్నాను. మా నోటుబుక్కులో ఆ పిల్ల పేరు కూడా రాశాను.

"నాక్కూడానా సార్? నేను గీతలు గియ్యనుగా" అంది.

"అక్షరాలు చూస్తావుగా. పోయి లెక్కపెట్టుకురా."

వెళ్ళి వచ్చింది. "ఎన్ని?" అన్నాను.

"ఇరవై ఆరు సార్. ఏడోదాని మీద కొంగ కూర్చునుంది."

ఒప్పుకుంటాను, ఆ రోజు నాకు ముచ్చటేసింది. మైలు దూరంలో గేటు మీద కొంగని చూసిందంటే కళ్ళంటే అవీ కళ్ళు.

ఇరవై ఏళ్ళ నీటిమట్టాల రిజిస్టర్లు ఆ యంత్రంలోకి ఎక్కించడం ప్రేమకుమారి పని. తేదీ, మట్టం, కాలువలోకి వదిలిన నీళ్ళు. రోజుకు పది పేజీలు కొట్టేది, తప్పుల్లేకుండా. అరగంటకోసారి నేను చెప్పకుండానే లేచి వరండాలోకి పోయేది. మా కుర్రకారు కన్నా ఆ పిల్లే బుద్ధిమంతురాలని అందరి ముందూ అనేవాణ్ణి. మధ్యాహ్నం క్యారియర్లో మజ్జిగచారు తెస్తే నూర్ మొహమ్మద్‌కి సగం పెట్టి, నాకో గిన్నెడు పంపించేది. నేనెవరి చేతి మజ్జిగచారూ మెచ్చుకోను. మెచ్చుకోకుండా తాగేవాణ్ణి.

ఎనభై ఎనిమిది జూలైలో అనుకుంటాను, కాదు, అనుకోవడమేమిటి, జూలై మొదటి మంగళవారం. తొలకరి పడి రెండ్రోజులైంది. పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒక మాట."

"చెప్పు."

"పొద్దున్నే లెయ్యంగానే తలనొప్పొస్తంది. కళ్ళ ముందర పొగలాగా ఉంటంది. దీపం చూస్తే చుట్టూ రంగురంగుల గుండ్రాలు కనపడతన్నయ్. ఇంద్రధనుస్సుకిమల్లే."

నేను తలెత్తలేదు. చేతిలో కాలువ మలుపు గీత సగంలో ఉంది.

"రెప్ప వెయ్యకుండా చూస్తే గుండ్రాలు కాక ఇంకేం కనపడతయ్? ఆ డబ్బా ముందు కూర్చుంటే మనిషి రెప్పలు కొట్టడం మర్చిపోతాడు. కళ్ళారిపోతయ్. చల్లటి నీళ్ళతో గంటకోసారి కడుక్కో. అరగంటకి కాదు, ఇకనించి పావుగంటకోసారి గేట్లు లెక్కపెట్టు."

"ఆసుపత్రికి పోయొద్దామా అనుకుంటన్నా సార్. గుంటూరు. రెండ్రోజులు సెలవు…"

"రోజుకూలీదానివి, సెలవు పెడితే పేరు కొట్టేస్తారు. కంటి సంగతి నాకన్నా ఏ డాక్టరుకు తెలుసు? ముప్పై ఏళ్ళుగా చూస్తన్నా. ఇది అలసట. పో, పోయి చెప్పింది చెయ్యి."

పోయింది. చెప్పింది చేసింది.

ఇంటికొచ్చి సీతమ్మతో చెప్పాను. మా పెరట్లో నందివర్ధనం ఉంది. రాత్రి పడుకునేటప్పుడు ఆ పూలు రెప్పల మీద పెట్టుకుంటే చలవని మా వైపు అందరూ చేసేదే. సీతమ్మ రోజూ ఒక దోసెడు పూలు తడిగుడ్డలో చుట్టి నాతో పంపేది. పంపుతూ పంపుతూ ఒకరోజు అంది, "ఎందుకైనా మంచిది, ఆ పిల్లని ఒకసారి డాక్టరుకి చూపించరాదూ? వాళ్ళ నాయనకి కూడా కళ్ళు లేవంటిరి గదా."

"ఆయనవి రాతిపొడికి పోయినయ్. ఈ పిల్ల రాళ్ళు కొడతందా? తెలిసీ తెలియకుండా మాట్లాడకు" అన్నాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని నేను. ఆ సంగతి సీతమ్మకు పెళ్ళయిన వారానికే తెలుసు. నాకు తెలియడానికి ఈ వయసు రావలసి వచ్చింది.

ఆ తరవాత ప్రేమకుమారి కళ్ళ గురించి మాట్లాడలేదు. నేనే అడిగేవాణ్ణి, రోజూ. "గుండ్రాలు తగ్గినయ్యా?" అంటే "తగ్గినయ్ సార్" అనేది. నా మందు పనిచేసిందని మురిసిపోయాను. దసరా వెళ్ళాక ఇంకో ఏర్పాటు చేసుకుంది. రిజిస్టరు నూర్ మొహమ్మద్ చేత పైకి చదివించుకుని, తను వింటూ కొట్టేది. మెడ తిప్పే పని తగ్గుతుంది సార్, తొందరగా అవుతుంది అంది. నిజంగానే తొందరగా అయ్యేది. ఇదేదో తెలివైన పద్ధతని ఇంజనీరుగారికి కూడా చెప్పాను.

గదిలోంచి వస్తూ పోతూ చెక్కగోడ అంచుకి భుజం కొట్టుకునేది. ఒకసారి నుదురు బొప్పి కట్టింది. "ఏమ్మా, గోడకి కళ్ళు లేవు, నీకున్నయ్యి గదా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

జనవరి వచ్చింది. పర్మినెంటు చేసేవాళ్ళ జాబితా హైదరాబాదు నుంచి బయలుదేరిందనీ, అందులో ప్రేమకుమారి పేరుందనీ కబురు. ఇంకో ఇరవై రోజుల్లో ఆర్డరు, ఆపైన డాక్టరు సర్టిఫికెట్టు. ఐజాక్ ఆదివారం చర్చిలో టెంకాయంత కేకు పంచాడని నూర్ మొహమ్మద్ చెప్పాడు.

సంక్రాంతి దాటిన నాలుగో రోజు, తెల్లారేసరికి కృష్ణ మీద నుంచి మంచు కమ్ముకుంది. అట్లాంటి మంచు నేను ముప్పై ఏళ్ళలో రెండు మూడుసార్లు చూశానేమో. డ్యాము లేదు, కొండలు లేవు, మా ఆఫీసు ముందున్న జీపు కూడా సగమే కనపడుతోంది. పదిన్నరయినా విడవలేదు. ఆ రోజు గేట్ల లెక్కకి సెలవు అని మా వాళ్ళందరూ నవ్వుకుంటూ లోపలే టీ తాగుతున్నారు.

నేను మేకు దగ్గర నిలబడి నోటుబుక్కు తిరగేస్తున్నాను. అప్పుడే ప్రేమకుమారి వరండాలోంచి లోపలికి వచ్చింది. అలవాటుకొద్దీ, "ఎన్ని?" అన్నాను.

"ఇరవై ఆరు సార్" అంది. అని, నా చేతిలో పుస్తకం అందుకుని సంతకం పెట్టబోయింది.

హాలంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాదిగా అందరికీ ఆదర్శమని చెప్పుకున్న పిల్ల నన్ను వెధవని చేసిందనిపించింది.

"ఎన్ని? మళ్ళీ చెప్పు. ఎన్ని?"

"ఇరవై… ఆరు."

"ఏ కళ్ళతో చూశావే? బయట మంచు పట్టి ముందున్న జీపు కనపడి చావటంలా, నీకు మైలు దూరాన గేట్లు కనపడినయ్యా? ఇన్నాళ్ళూ దొంగలెక్కలా చెప్తన్నావు? నీ మంచికోసం నేను గొంతు చించుకుంటంటే, నువ్వు వరండాలో నిలబడి, నోటికొచ్చింది చెప్పి నన్ను ఎర్రివాణ్ణి చేస్తన్నావా? పో, పోయి చూసిరా!"

ఆ పిల్ల తలుపు వైపు తిరిగింది. బయటికి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు చాలా మెల్లిగా, నాకొక్కడికే వినపడేటట్టు అంది.

"మంచు పడిందని నాకు తెలవదు సార్. నాకు రోజూ ఇట్టాగే ఉంటది."

ఆ పిల్ల రెక్క పట్టుకుని నా గదిలోకి తీసుకుపోయి తలుపేశాను. బల్ల మీద ఉన్న సిరాబుడ్డి ముఖం ముందు పెట్టి ఇదేంది అన్నాను. చెప్పింది. అదే బుడ్డి కాస్త పక్కకి జరిపాను. చెప్పలేదు. ఎక్కడికి పోయిందని వెతుక్కుంది.

"ఎప్పటినించి?" అన్నాను.

"దసరాకి కుడికన్ను పోయింది సార్. ఎడమది ఉంది, కొద్దిగా. స్క్రీను దగ్గరగా జరుపుకుంటే అక్షరం కనపడుద్ది. దాని పక్క అక్షరం కనపడదు." ఆగి, రెండు చేతులూ జోడించింది. "ఇరవై రోజులు సార్. ఆర్డరు చేతికి రానీయండి. సర్టిఫికెట్టు సంగతి దేవుడు చూసుకుంటాడు. మా నాన్న అన్నం తినాలి గదా సార్. ఎవరితో చెప్పమాకండి."

కంప్యూటరు గదిలో నేల మీద నేను గీసిన సుద్దగీత నెలల కిందటే చెరిగిపోయిందనీ, కుర్చీ దాన్ని దాటి ఎప్పుడో ముందుకు జరిగిందనీ, ఆ రోజు చూశాను.

ఎవరితో చెప్పలేదు. కాని ఇరవై రోజులు ఆగలేదు కూడా. మర్నాడు పొద్దున్నే ఇంట్లో ఎవరికో పెళ్ళని సెలవు రాసి, ఆ పిల్లని తీసుకుని గుంటూరు బస్సెక్కాను. మాచర్ల దాటాం, గురజాల దాటాం. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎండబోశారు. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల ఒకసారి గట్టిగా గాలి పీల్చి తుమ్మింది.

"మిరపకాయలు పోశారా సార్?"

"పోశారమ్మా."

"చానా ఎర్రగా ఉన్నయ్యా?"

ఎర్రగా ఉన్నాయని చెప్పాను. ఎంత దూరం ఉన్నాయో కూడా చెప్పాను. నరసరావుపేట వచ్చేదాకా నేను కనపడిందల్లా చెబుతూనే ఉన్నాను, ఎడ్లబండి, పత్తి లారీ, బడిపిల్లలు. ఎందుకు చెబుతున్నానో తెలియదు. నోరు మూసుకుంటే ఏడుపొస్తుందని భయం కావచ్చు.

గుంటూరులో డాక్టరుగారు ముసలాయన, నెమ్మదస్తుడు. చీకటిగదిలో చాలాసేపు చూశాడు. చూసి బయటికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

"కంప్యూటరు వల్లేనా డాక్టరుగారూ?" అన్నాను. ఔననాలని ఎంత కోరుకున్నానో ఆ దేవుడికే తెలుసు. ఆ యంత్రాన్ని తిట్టుకుంటూ మిగతా బతుకంతా బతికెయ్యొచ్చు.

"కాదండీ. కంప్యూటరు ముందు కూర్చుంటే కళ్ళు అలిసిపోతాయి, మండుతాయి. మీరు చేయించినవన్నీ ఆ అలసటకి మంచివే. కాని ఇది అలసట కాదు. నీటికాసులు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నలిపేస్తుంది. ఏమ్మా, మీ ఇంట్లో ఇంకెవరికైనా చూపు పోయిందా?"

"మా నాన్నకండీ. రాళ్ళు కొట్టి పోయినయ్."

"రాయి తగిలితే ఒక కన్ను పోతుందమ్మా. రెండూ ఒకేలా ఎందుకు పోతాయి? మీ నాన్నదీ ఇదే అయ్యుంటుంది. ఇది రక్తంలో వస్తుంది."

సీతమ్మ అన్న మాట, నేను అన్న మాట, రెండూ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి.

ఆయన కాగితం తీసుకున్నాడు. "మొదట్లో తలనొప్పులు వచ్చేవా? దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు?"

"వచ్చేవండీ."

"ఎప్పుడు?"

"పోయిన జూలైలో."

"అప్పుడే వచ్చుంటే ఈ రెండు కళ్ళూ నిలబెట్టేవాణ్ణమ్మా. ఒక్క చుక్కలమందుతో నిలబడేవి. అంత అవుతుంటే ఎవరితోనూ చెప్పలేదా? చదువుకున్నదానివి."

ప్రేమకుమారి నేనున్న వైపు తిరిగింది. నేను కనపడ్డానో లేదో నాకు తెలియదు.

"లేదు డాక్టరుగారూ. ఎవరికీ చెప్పలేదు" అంది.

నేను అప్పుడు మాట్లాడి ఉండాల్సింది. నాకు చెప్పిందండీ, నేనే పొమ్మన్నానండీ, అని ఒక్క మాట. ముప్పై ఏళ్ళు ప్రతి అడ్డమైనవాడి మీదా లేచిన నోరు, ఆ ఒక్క రోజు లేవలేదు. డాక్టరుగారు ఆ పిల్లనే కాసేపు మందలించాడు. ఆ పిల్ల తలొంచుకుని నా తిట్లు తనే తింది.

ఎడమకంటికి ఆపరేషను చేశారు. గుప్పెడంత చూపు మిగిలింది. గిన్నెలో అన్నం ఉందో లేదో తెలుస్తుంది, ఎదురొచ్చింది మనిషో గేదో తెలుస్తుంది.

ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. అందులో పేరు ఉంది. సర్టిఫికెట్టు ఎవరిస్తారు? నేను ఇంజనీరుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. హైదరాబాదుకి అర్జీల మీద అర్జీలు రాశాను. టెలిఫోను దగ్గర కూర్చోబెట్టండి, ఏదో ఒకటి ఇవ్వండి అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మార్చి నుంచి ఆ కుర్చీలో మాచర్ల కుర్రాడొకడు కూర్చున్నాడు.

ఒకరోజు అందరూ పోయాక మేకు మీద నుంచి నోటుబుక్కు తీసి మొదటి నుంచి తిరగేశాను. మొదట్లో ఆ పిల్ల సంతకాలు గీత మీద ముత్యాల్లా కూర్చుని ఉన్నాయి. ఆగస్టుకి గీత దిగాయి. దసరా తరవాత పక్కవాడి సంతకం మీదకి ఎక్కాయి. డిసెంబరులో కొన్ని కాగితం అంచు దాటి సగం గోడ మీదకే పోయాయి. పేజీ పేజీకీ ఇరవై ఆరు, ఇరవై ఆరు. నేను ప్రతిరోజూ ఆ పుస్తకం తనిఖీ చేశాను. ప్రతి పేజీ కిందా ఎర్రసిరాతో నా సంతకం ఉంది. నా కళ్ళకి ఏ జబ్బూ లేదు. ఇప్పటికీ అద్దాల్లేకుండా పేపరు చదువుతాను.

జూన్‌లో రిటైరయ్యాను. వానాకాలం బాగా కురిసి ఆగస్టులో డ్యాము నిండింది. గేట్లెత్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ బస్సులెక్కి వచ్చాయి. నేను మాత్రం సీతమ్మ కట్టిచ్చిన మజ్జిగచారు గిన్నె పట్టుకుని పాకల వైపు నడిచాను. ఆరు నెలలుగా వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయిన చోటు అది.

ఐజాక్, కూతురు ఇద్దరూ గడప బయట మంచం మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరూ డ్యాము వైపే ముఖం పెట్టుకుని ఉన్నారు. నీళ్ళ హోరుకి మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. నా చెప్పుల చప్పుడికే ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్! నాన్నా, మా సార్ వచ్చారు."

ఐజాక్ తడుముకుంటూ మంచం మీద చోటిచ్చాడు. కాసేపు వానల గురించి మాట్లాడాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రోజు డాక్టరు దగ్గర ఎందుకట్లా చెప్పావమ్మా? నాకు చెప్పావు గదా నువ్వు. నేనే పొమ్మన్నా గదా. నీ కళ్ళు తీసింది నేను."

ఆ పిల్ల ఒళ్ళో చేతులు పెట్టుకుని, హోరు వింటున్నట్టు కూర్చుంది.

"నా కళ్ళ గురించి రోజూ అడిగింది మీరొక్కరే సార్" అంది. "ఆయన ముందర మిమ్మల్ని ఎట్టా తక్కువ చెయ్యను?"

తిట్టినా బాగుండేది. నేను ఎంతమందిని తిట్టానో, అన్ని తిట్లూ తిరిగి నా ముఖాన కొట్టినా బాగుండేది. తలకాయ పక్కకి తిప్పుకుని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

"సార్" అంది కాసేపయ్యాక. ముఖం డ్యాము వైపే ఉంది. "ఎన్ని ఎత్తారు సార్? లెక్కపెట్టి చెప్పరా?"

తల ఎత్తాను. డ్యాము అక్కడే ఉంది. నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. ఎడమ నుంచి మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో గేటు దగ్గరికి వచ్చేసరికి అన్నీ కలిసిపోయాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ కలిసిపోయాయి. ఆ పిల్ల చెవి ఇటు పెట్టి ఎదురుచూస్తోంది.

"ఇరవై ఆరు" అన్నాను.

ఐజాక్ పళ్ళులేని నోటితో పకపకా నవ్వాడు. "ఇరవై ఆరేంది సార్! పద్నాలుగే ఎత్తింది. చప్పుడు చెప్పటంలా? ఈ డ్యాము రాయి నా చేత్తో పేర్చినోణ్ణి, నాకు తెలవదా?"

"నాన్నా, నువ్వూరుకో" అంది ప్రేమకుమారి. "సార్ చూసి చెప్తన్నారు గదా."